బెసలేలుకు ఇచ్చిన రెండవ వరము



శతవార్షికోత్సవ కమిటీవారు నాకిచ్చిన అంశము ‘యువజనులు – వృత్తులు’. ఉపాధ్యాయ వృత్తిని గురించి, నర్సు పనిని గురించి మాట్లాడి కూర్చొనవచ్చును. మిషను బడులు, మిషను ఆసుపత్రులు మన పెద్దలకు ఆ రెండు దారులు చూపినవి. కరవు సీమలో వాననమ్ముకొన్న కుటుంబములు ఆ దారుల వెంబడి నెల జీతము ముఖము చూచినవి. దాని విలువ తెలియనివారు ఈ సభలో లేరు. అయితే నేను ఈ దినమున మరొక పనిని గురించి చెప్పదలచినాను. అది వీడియో కళ, ఆ కళను ఇతరులకు నేర్పు పని.

ఎందుకనగా ఇప్పుడు ప్రతి పాస్టరేటులోను కెమెరా వెనుక నిలుచు పిల్లవాడో, పిల్లో ఒకరుందురు. క్రిస్మసు నాటకము వారే తీయుదురు, పెండ్లి వారే తీయుదురు, సమాధి కార్యక్రమము కువైటులో ఉన్న బిడ్డకు ఫోనులో చూపించువారును వారే. వారి తల్లిదండ్రులు మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, వీడు వీడియో, వీడియో అంటున్నాడు, బి.ఎడ్. చేయమని మీరైనా చెప్పండి” అందురు. ఆ తల్లిదండ్రులకు చెప్పవలసిన జవాబే ఈ ప్రసంగము.

మొదట, వీడియో కళ అనగా ఏమి? సినిమా కాదు. పెండ్లి క్యాసెట్టు కాదు. కథ చెప్పుట దాని ముఖ్యమైన పని కాదు. చిత్రకారుడు రంగును, శిల్పి రాతిని వాడినట్లే కదిలే బొమ్మను, కాలమును వాడుకొని ఒక విషయమును మనచేత నిదానముగా చూపించుటయే దాని పని. కొరియా దేశములో 1932లో పుట్టిన నామ్ జూన్ పైక్ అను ఆయన 1963లో జర్మనీలోని వుప్పర్టాల్ పట్టణములో టెలివిజన్ పెట్టెలను బొమ్మల కొలువు వలె పెట్టి ప్రదర్శన చేసినాడు. ఈ కళ చరిత్ర అక్కడ మొదలైనదని చెప్పుదురు. ఆయన 1979 నుండి చాలా సంవత్సరములు డ్యుసెల్‌డార్ఫ్ కళాశాలలో ఆచార్యుడుగా పాఠములు చెప్పినాడు. ఈ సంగతి గుర్తుంచుకొనండి. జీతము మాట వచ్చినప్పుడు మరల ఎత్తుదును.

మనకు దగ్గరగా అర్థమగునది బిల్ వయోలా అను అమెరికా కళాకారుని పని. ఆయన 2024లో మరణించినాడు. 1995లో ఆయన చేసిన చిత్రము పేరు ‘ది గ్రీటింగ్’, అనగా వందనము. లూకా సువార్త మొదటి అధ్యాయములో మరియ ఎలీసబెతును కలిసికొన్న సన్నివేశమును ఇటలీలో పొంటోర్మో అను చిత్రకారుడు 16వ శతాబ్దములో చిత్రించియున్నాడు. వయోలా ఆ చిత్రమును మనస్సులో పెట్టుకొని ఈ పని చేసినాడు. ఇద్దరు స్త్రీలు వీధిలో మాట్లాడుకొనుచుందురు. మూడవ స్త్రీ వచ్చును. ఆమె ఆ ఇద్దరిలో ఒకామెను సంతోషముతో కౌగిలించుకొని చెవిలో ఏదో చెప్పును. అంతే. జరిగినది ముప్పాతిక నిమిషము. దానిని వేగముగా పరుగెత్తు కెమెరాతో తీసి పది నిమిషములకు సాగదీసినాడు. అప్పుడేమి కనబడును? బట్ట గాలికి లేచుట కనబడును. పక్కకు తొలగిపోయిన రెండవ స్త్రీ ముఖములో చిన్నపాటి నొప్పి కనబడును. సంతోషము ఒకరికి వచ్చినప్పుడు పక్కనున్నవారు ఒంటరివారగుదురను సంగతి, మామూలు వేగమున చూచినవానికి కనబడదు.

కడప బస్టాండులో ఇది దినదినము జరుగుచున్నది. కువైటు నుండి అయిదేండ్లకు వచ్చిన తల్లి బస్సు దిగును. చిన్నబిడ్డ ఆమెను గుర్తుపట్టక అవ్వ కొంగు పట్టుకొనును. ఆ తల్లి చేయి సగము దూరము చాచి ఆగిపోవును. మనము లగేజీ లెక్కపెట్టుకొనుచుందుము. ఆ ఆగిన చేతిని పది నిమిషములు మనచేత చూపించువాడు ఉంటే అతని పని పనికిమాలిన పనియా?

లండనులోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో 2014 నుండి వయోలా చేసిన ‘మార్టర్స్’ అను హతసాక్షుల చిత్రము పెట్టినారు. నిలువుగా నాలుగు తెరలు. ఒకరిని మట్టి, ఒకరిని గాలి, ఒకరిని అగ్ని, ఒకరిని నీరు బాధించును. శబ్దము లేదు. ఏడు నిమిషములలో ముగియును. 2016లో మరియను గూర్చిన మరొక పనియు అక్కడకు చేరినది. ఆరాధన స్థలములో వీడియో తెర పెట్టుట తగునా అను ప్రశ్న మనకే కాదు, వారికిని వచ్చినది. 1996లో దర్హమ్ కెథడ్రల్‌కు ఆయన చేసిన పనిలో నీటినుండి పైకి వచ్చు మనుష్యునికి వస్త్రములు లేనందున పెద్ద వాదమే జరిగినది. మన గుడిలో అటువంటిది పెట్టవలెనని నేను చెప్పుటలేదు. పెద్దలు భయపడవద్దు.

ఇక వాక్యమునకు వత్తము. విగ్రహమును చేసికొనవద్దన్న ఆజ్ఞ నిర్గమకాండము 20వ అధ్యాయములో ఉన్నది. అదే గ్రంథము 25వ అధ్యాయములో కరుణాపీఠముమీద రెండు కెరూబులను బంగారముతో చేయుమని దేవుడే ఆజ్ఞాపించినాడు. ఈ రెంటిని కలిపి చదువవలెను. సంఖ్యాకాండము 21లో మోషే ఇత్తడి సర్పమును చేసినాడు. దానిని చూచినవారు బ్రదికినారు. రాజుల రెండవ గ్రంథము 18లో ప్రజలు దానికి ధూపము వేయుచున్నందున హిజ్కియా రాజు దానిని పగులగొట్టినాడు. చేసినది తప్పు కాదు, పగులగొట్టినదియు తప్పు కాదు. చూచుట ఎప్పుడు మ్రొక్కుటగా మారినదో కనిపెట్టుటయే సంఘ కాపరి పని.

నిర్గమకాండము 35వ అధ్యాయము చివరి భాగము మన యువజనులు నెమ్మదిగా చదువవలెనని కోరుచున్నాను. దేవుని ఆత్మతో నింపబడినవాడని లేఖనము మొదట చెప్పినది ప్రవక్తను గూర్చి కాదు, రాజును గూర్చి కాదు. యూదా గోత్రికుడైన బెసలేలు అను పనివానిని గూర్చి. లోహము, రత్నము, కొయ్య, ఇవి అతని చేతిపనులు. అక్కడితో ఆగలేదు. అతనికిని దాను గోత్రికుడైన అహోలీయాబునకును ఇతరులకు నేర్పు మనస్సును కూడ దేవుడు పెట్టినాడని ఆ భాగము చెప్పుచున్నది. చేయుట ఒక వరము, నేర్పుట రెండవ వరము. మన సంఘములు మొదటి వరమును క్రిస్మసు నాటి అలంకారమునకు వాడుకొనినవి. రెండవ వరమును లెక్కలోనికి తీసికొనలేదు.

ఇదంతయు పడమటివారి వ్యవహారమని అనుకొనవద్దు. తెర, తెర వెనుక వెలుగు, కదిలే బొమ్మ అనునవి మన సీమకు క్రొత్తవి కావు. ధర్మవరము దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు గీకి, పలుచన చేసి, రంగులద్ది, తెల్లని పంచె వెనుక దీపము పెట్టి ఆడించు తోలుబొమ్మల కుటుంబములు ఉన్నవి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. తాత మనుమనికి నేర్పుటవలననే ఆ కళ నిలిచినది. పులివెందుల ప్రాంతములో 1908లో పుట్టిన బి.ఎన్.రెడ్డి గారు వాహినీ సంస్థలో ‘మల్లీశ్వరి’ (1951) తీసినారు. 1974 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే బహుమానము ఆయనకు వచ్చినది. తమ్ముడు నాగిరెడ్డి గారికి 1986 సంవత్సరమునకు అదే బహుమానము వచ్చినది. నీరులేని కడప జిల్లా కదిలే బొమ్మకు ఇద్దరు పెద్దలను ఇచ్చినది.

మన సంఘములు కదిలే బొమ్మను ఎరిగినది మొదట మిషనరీల మేజిక్ లాంతరుతో, తరువాత ‘కరుణామయుడు’తో. యాభై దాటినవారిని అడిగి చూడండి. 1978 డిసెంబరులో ఆ సినిమా వచ్చినది. దర్శకుడు ఎ.భీమ్‌సింగ్ గారు అదే సంవత్సరము జనవరిలోనే కన్నుమూసినారు. తన పని తెరమీద చూచుకొనలేదు. క్రిస్టఫర్ కొయిలో అను ఫ్రాన్సిస్కన్ గురువు ఆ పనిలో పాలుపొందినారు. తరువాత హిందీలో ‘దయాసాగర్’ అయి, ఇంకను అనేక భాషలలోనికి పోయి, ప్రొజెక్టరు పెట్టెలతో పల్లె పల్లె తిరిగినది. అక్షరము రాని అవ్వలు సిలువ మార్గమును తెరమీద చూచి ఏడ్చినారు. నేను దానిని తక్కువగా చెప్పను. కాని కొందరి ఇండ్లలో విజయచందర్ గారి వేషమే ప్రభువు పటమై గోడకు ఎక్కినది. ఆయనే 1986లో షిర్డీ సాయిబాబా వేషము వేసినప్పుడు కొందరు విశ్వాసులు ఎంత కలవరపడినారో పెద్దలు చెప్పుదురు. నటుడేమి తప్పు చేసినాడు? వేషము వేయుట అతని వృత్తి. ముఖమును వేషమును వేరుచేసి చూచుట మనకు ఎవరును నేర్పలేదు. బొమ్మ వచ్చినది గాని బొమ్మను చదువుట నేర్పు ఉపదేశకుడు దాని వెంట రాలేదు.

మరొక సంగతి ఇంతకంటె బాధ కలిగించునది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’. ఆ తరువాత వచ్చినవాటిని లెక్కపెట్టనక్కరలేదు. రాయలసీమ అనగా బాంబు, కత్తి, సుమో బండ్లు అని లోకమంతయు నేర్చుకొన్నది. 2003లో ‘ఒక్కడు’ వచ్చిన తరువాత కర్నూలు కొండారెడ్డి బురుజును చూచుటకు వచ్చినవాడు కోట చరిత్ర అడుగుటలేదు, హీరో ఎక్కడ నిలిచినాడని అడుగుచున్నాడు. కక్షలు అబద్ధమని నేననను. హత్యలు జరిగినవి. చంపబడినవాని సమాధియొద్ద నిలిచి, చుట్టునున్నవారి చూపులకు జడియక ప్రార్థన చేసిన పాస్టర్లు ఈ సభలోనే కూర్చొనియున్నారు. కాని ఆ సినిమాలలో సమాధి తరువాతి దినము లేదు. విధవరాలు మరునాడు ఎవరి పొలములో కూలికి పోయినదో లేదు. బోరు ఎండి, మరల వేసి, మరల ఎండి, అప్పు మిగిలిన వేరుసెనగ రైతు లేడు. బేతంచెర్ల గనులలో నాపరాయి దుమ్ము పీల్చినవాని దగ్గు లేదు. మన ముఖమును మనకు చూపినవారు మనవారు కారు. మన బిడ్డలు హైదరాబాదు హాస్టళ్లలో “సీమవాడా, బాంబులున్నాయా?” అను పరిహాసమును మోసినారు. మన పిల్లలు కెమెరా నేర్చుకొనవలెనని నేననుటకు ఇదియే పెద్ద కారణము. బి.ఎడ్. మంచిదే. అయితే మనలను చూచు పని అంతయు ఇతరులకు వదలిపెట్టుట మంచిది కాదు.

ఈ రెండు వరములును కలిగిన తెలుగు పాస్టరుగారు ఒకరుండిరి. డాక్టర్ పులిదిండి సాల్మన్ రాజు గారు. మన డయాసిసువారు కారు, ఆంధ్ర లూథరన్ సంఘస్థులు. 1921లో పుట్టి 2019లో ప్రభువునందు నిద్రించినారు. ఆయన చేతిలో వీడియో కెమెరా కాదు, మైనమును రంగును ఉండెను. కొయ్యను చెక్కు ఉలి ఉండెను. అయినను బొమ్మతో సువార్త చెప్పి, చెప్పుట ఎట్లో ఇతరులకు నేర్పి, దానినే పరిచర్యగా బ్రదికినవారిని తెలుగు సంఘములో వెదకినచో ఆయన పేరే మొదట వచ్చును.

బాతిక్ పని ఎట్లుండునో చెప్పెదను. బట్టమీద ఏ భాగము తెల్లగా మిగలవలెనో అక్కడ కరిగిన మైనము పూయుదురు. లేత రంగులో ముంచుదురు. ఆ లేత రంగు ఎక్కడ మిగలవలెనో అక్కడ మరల మైనము. తరువాత ముదురు రంగు. చివరకు మైనమును కరిగించి తీసివేసినప్పుడు మైనము పగిలినచోట సన్నని గీతలు పడి కనబడును. వెలుగు ఎక్కడ నిలువవలెనో చేయువానికి మొదటనే తెలిసియుండవలెను. తరువాత దిద్దుటకు వీలులేదు. కొయ్య అచ్చు మరొక విధము. చెక్కివేసినది తెలుపగును, విడిచినది నలుపగును. ఒక చెక్కనుండి ఎన్నో ప్రతులు తీయవచ్చును గనుక బీదవాని గోడమీదికిని అది పోగలదు. సాల్మన్ రాజు గారు లూకా సువార్తలోని విడుదల సందేశమును కొయ్య అచ్చులుగా చెక్కినారు. విజయవాడలో తాము నడిపిన ఆశ్రమమునకు సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమము అని పేరు పెట్టినారు. లూకా చిత్రకారుడను వాడుక ప్రాచీన సంఘములో ఉన్నది. ఆ పేరు ఊరక పెట్టినది కాదు.

ఆయన ఇంగ్లాండులో బర్మింగుహాము పట్టణములోని సెల్లీ ఓక్ కళాశాలలలో బోధించినారు. అక్కడి విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొందినారు. పరిశోధనకు ఏ అంశము తీసికొన్నారనుకొన్నారు? ముంగమూరి దేవదాసు అయ్యగారి బైబిలు మిషనును. ఆ గ్రంథము 1986లో వెలువడినది. పెద్ద సంఘములవారు ప్రక్కకు నెట్టి మాట్లాడు పల్లె విశ్వాసుల పాటలను, స్వప్నములను, ప్రార్థనలను కూర్చొని విని, చూచి, వ్రాసినారు. బొమ్మ చెక్కినదియు పుస్తకము వ్రాసినదియు ఒకే చూపు. ఎదుటివానిని తొందరపడక చూచుట. ఆయనను గురించి మన వేదాంత కళాశాలలలో రావలసినంతగా పాఠము రాలేదని నా అభిప్రాయము. విదేశములలో ఆయన బొమ్మలు ఎరిగినవారు ఉన్నారు. మన సండే స్కూలు గోడలమీద మాత్రము ఇంకను నీలికండ్ల గొఱ్ఱెల కాపరి క్యాలెండరే ఉన్నది.

ఇక పిల్లలతో రెండు మాటలు. వీడియో తీయుట సులభమైనది గనుక చూచుట కష్టమైనది. మన దేశపు టెలివిజన్ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. పది నిమిషములకు పదిహేను వేలు. అందులో మీరు నిజముగా చూచినవి ఎన్ని? ఆరాధనను ఫోనులో ప్రసారము చేయుట సేవయే, చేయండి. కాని దుప్పట్లు పంచునప్పుడు ముసలి అవ్వ చేయి పట్టి కెమెరావైపు త్రిప్పి, దాతకు పంపు వీడియో తీయవద్దు. ఆమె దుప్పటికై వచ్చినది, ముఖము అమ్ముకొనుటకు రాలేదు. ఈ మాట మీకంటె మాకే, అనగా పాస్టర్లకే, ఎక్కువగా వర్తించును. మీచేత ఆ పని చేయించువారము మేమే.

తల్లిదండ్రులు అడుగు ప్రశ్నకు వత్తము. ఈ పని అన్నము పెట్టునా? సూటిగా చెప్పుదును: వీడియో కళ ఒక్కటియే చాలమందికి అన్నము పెట్టదు. ఆ రంగమునకు మూలపురుషుడైన పైక్ సహితము పాఠము చెప్పినాడని మొదట అన్నాను. నేర్పుట ఈ కళకు పట్టుకొమ్మ. బడులలో, కళాశాలలలో బొమ్మలు గీయించువారు, ఛాయాచిత్రము నేర్పువారు, యానిమేషను నేర్పువారు కావలసియున్నారు. పూర్వము ఇటువంటి చదువుకు మన బిడ్డలు హైదరాబాదో, బరోడాయో పోవలసియుండెను. 2020లో కడపలోనే వై.ఎస్.ఆర్. పేరున వాస్తుకళ, లలితకళల విశ్వవిద్యాలయము పెట్టినారు. క్రొత్త సంస్థ గనుక చేరబోవువారు కోర్సుకు గుర్తింపు, ఫీజు, బోధించువారి సంగతి స్వయముగా పోయి విచారించుకొనవలెను. పేరు చూచి చేరవద్దు, దూరమని మానవద్దు. అమ్మాయిలను పంపుటకు వెనుకాడు తల్లిదండ్రులకు నా మనవి ఏమనగా, నర్సు పనికి మన ఆడబిడ్డలను మొదట పంపిన దినములలోను ఊరివారు ఇట్లే నోరు నొక్కుకొన్నారు.

పాస్టరేటు కమిటీలతోను ఒక మాట. వాద్యము వాయించువానికి దారిబత్తెము ఇత్తుము. పందిరి వేసినవానికి, మైకువానికి కూలి ఇత్తుము. వీడియో తీసినవానికి మాత్రము “దేవుని పని కదా తమ్ముడూ” అందుము. దేవుని గుడారము కట్టినవారికి కావలసినదంతయు ప్రజలు తెచ్చి ఇచ్చినారని 36వ అధ్యాయములో ఉన్నది. చాలు, ఇక తేవద్దని మోషే చాటింపు వేయించవలసి వచ్చినంతగా తెచ్చినారు. మన పాస్టరేటులలో ఇంతవరకు అటువంటి చాటింపు అవసరము రాలేదు.

ఈ శతవార్షిక సంవత్సరములో చేయదగిన పని ఒకటి ఉన్నది. మన సంఘములలో ఎనుబది దాటినవారు ఇంకను కొందరున్నారు. గంజి కేంద్రములు, బోర్డింగు బడి, లాంతరు వెలుగులో కూడికలు, ఎడ్లబండిమీద వచ్చిన పాదిరిగారు, వీటిని కండ్లార చూచినవారు వారే. ఒక్కొక్కరి యొద్ద యువజనులు ఒక పూట కూర్చొనవలెను. మొదటి దినము కెమెరా తీయవద్దు, మాట్లాడి రండి. రెండవ దినము అనుమతి అడిగి తీయండి. పాట పెట్టవద్దు, మధ్యలో కోయవద్దు. వారు మాట మరచి ఊరకున్నప్పుడు కూడ కెమెరా తిరుగనివ్వండి. ఆ ఊరకుండుటలో సగము చరిత్ర ఉన్నది. తీసినది మొదట వారికే, వారి ఇంటి గోడమీదనే చూపండి. ఒక ప్రతి కుటుంబమునకు, ఒక ప్రతి డయాసిసు ఆఫీసుకు ఇవ్వండి. పెద్ద పిల్లలు చిన్నవారిని వెంట తీసికొనిపోయి పని నేర్పవలెను.

వేసవి సెలవులలోనే మొదలుపెట్టవలెనని యువజన సమాజమును కోరుచున్నాను. ఎండ తగ్గువరకు ఆగుదమనుకొన్నచో ఆ పెద్దలందరు ఆగకపోవచ్చును. బస్సు చార్జీలు, మధ్యాహ్న భోజనము, మెమరీ కార్డుల ఖర్చు పాస్టరేటు కమిటీలు ఈ నెల సమావేశములోనే మంజూరు చేసి మినిట్సు పుస్తకములో వ్రాయించవలెనని మనవి.